సెనేటర్ గారి అటక

అమెరికా వెళ్ళినవాళ్ళు సాధారణంగా నయాగరా చూసి వస్తారు. వచ్చాక ఫొటోలు చూపిస్తారు. ఫొటోల్లో నయాగరాకి అడ్డంగా వాళ్ళే నిలబడి ఉంటారు. మేము అలాంటి పొరపాటు చెయ్యలేదు. అక్టోబరులో సెలవు పెట్టి, న్యూజెర్సీ నుంచి ఒహాయో దాకా కారు నడుపుకుంటూ వెళ్ళి, ఒక అటక చూసి వచ్చాం. మీరెవరూ అక్కడికి వెళ్ళి ఉండరు, వెళ్ళే ప్రమాదమూ పెద్దగా లేదు కాబట్టి, ఆ విశేషాలు రాస్తున్నాను.

అటక ఒక సెనేటర్ గారిది. పేరు కేలబ్ విట్లో. వృత్తి ప్లీడరీ, వ్యసనం రాజకీయం. పోయి వందేళ్ళు కావస్తోంది. ఆయన కుర్రతనంలో చదువుకున్న న్యూజెర్సీ కాలేజీలోనే ఇప్పుడు మా ఆవిడ వసుధ పనిచేస్తోంది. లైబ్రరీ కింది అంతస్తులో, పోయినవాళ్ళ ఉత్తరాలూ దస్తావేజులూ భద్రపరిచే విభాగంలో. ఉద్యోగం తాత్కాలికం. సెనేటర్ గారి కాగితాలన్నీ ఒహాయోలో ఆయన మునిమనవరాలి ఇంటి అటక మీద ఉన్నాయని తెలిసి, వసుధ పై అధికారి ఆమెను పిలిచాడు. "అవి వస్తే సర్దడానికి మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వే, పర్మనెంటుగా. రాకపోతే డిసెంబరులో నీకు చాలా మంచి సిఫారసు ఉత్తరం రాసిస్తాను" అన్నాడు. ఇక్కడ ఉద్యోగం పీకేటప్పుడు కూడా మనిషిని మెచ్చుకునే పీకుతారు.

అంతకు ముందు వెళ్ళిన ఇద్దరు ప్రొఫెసర్లని ఆ మునిమనవరాలు గుమ్మంలోంచే సాగనంపిందట. అందుకని ఈసారి వసుధని పంపారు. నేను పిస్కాటవేలో మందుల కంపెనీలో బిళ్ళలకి రంగుపూత వేసే పనిలో ఉన్నాను. దేశానికి నా అవసరం అంత తీవ్రంగా లేదు కాబట్టి సెలవు వెంటనే దొరికింది. అలా డ్రైవరునయ్యాను.

పెన్సిల్వేనియా

న్యూజెర్సీకి, ఒహాయోకి మధ్య పెన్సిల్వేనియా అని ఒక రాష్ట్రం ఉంది. ఉదయం మొదలవుతుంది. మధ్యాహ్నం కూడా అదే ఉంటుంది. సాయంత్రం "ఇంకా ఇదేనా?" అని వసుధ అడిగితే, నేనేదో కావాలని పొడిగిస్తున్నట్టు అనిపించింది. అయితే అక్టోబరులో ఆ కొండల మీద చెట్లు పసుపూ కుంకుమా చల్లుకుని నిలబడతాయి. మా గుంటూరులో ఆకు రాలితే ఊడ్చి పారేస్తాం. ఇక్కడ రాలబోయే ఆకులు చూడటానికి జనం కార్లేసుకుని వచ్చి, రోడ్డు పక్కన ఆగి, నిట్టూర్చి, పోతుంటారు.

ఐస్‌క్రీం ఖాళీ డబ్బాల్లో పులిహోరా పెరుగన్నమూ తెచ్చుకున్నాం. ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళలో ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉండటం నేనింతవరకు చూడలేదు. గోంగూర పచ్చడి రెండు సీసాలు కూడా తెచ్చింది వసుధ. అందులో ఒకదానికి మూత సరిగా బిగించలేదు. ఎవరు బిగించలేదన్నది మా ఇంట్లో ఇంకా విచారణలో ఉంది. ఆ నూనె కాస్తా మ్యాపు మీద ఒలికి, రాష్ట్రం పడమటి భాగమంతా పారదర్శకం చేసింది. దాంతో దారి తప్పాం.

తప్పి తేలిన చోట ఒక చిన్న హోటలు ఉంది. మన హోటళ్ళలో సర్వరు మనల్నేమీ అడగడు. ఏమేమున్నాయో ఒక్క ఊపిరిలో అప్పజెప్పి, చివరిది ఏదో మనకి గుర్తుంటే అదే తెస్తాడు. ఇక్కడి ఆవిడ అడగటం మొదలుపెట్టింది. గుడ్లు ఎలా కావాలి? ఒక వైపు కాల్చాలా, రెండు వైపులా? రొట్టె తెల్లదా, గోధుమదా, రై దా? బంగాళాదుంప తురిమి వేయించాలా, ముక్కలా? నా డిగ్రీ మౌఖిక పరీక్షలో కూడా ఇన్ని ప్రశ్నలు రాలేదు. అన్నిటికీ జవాబు చెప్పాక "వెరీ గుడ్, హనీ" అంది. ఇన్నేళ్ళ కాపురంలో వసుధ "ఏమండీ" దగ్గరే ఆగిపోయింది కాబట్టి, నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను.

"ఆవిడ అందర్నీ అలాగే అంటుంది. ఆ లారీ డ్రైవర్ని కూడా అంది" అంది వసుధ.

గుడ్లూ, దుంపలూ, రొట్టే, ఎన్నిసార్లయినా పోసే కాఫీ, అన్నీ కలిపి రెండు డాలర్లకి ఐదు సెంట్లు తక్కువ. హనీ ఉచితం.

తినని ఆపిల్ పై

మర్నాడు చేరిన ఊళ్ళో ఒక కోర్టు, ఒక బ్యాంకు, మూడు చర్చిలు, కోర్టుకెదురుగా సెనేటర్ గారి విగ్రహం ఉన్నాయి. విగ్రహం చెయ్యి చాపి ఉంది. ఏదో ఇస్తున్నట్టూ ఉంది, అడుగుతున్నట్టూ ఉంది. రాజకీయం తెలిసిన శిల్పి ఎవరో.

మునిమనవరాలు మిస్ విట్లోకి ఎనభై దాటాయి. పెన్సిల్లా సన్నగా, పొడుగ్గా, చేతికర్రతో గుమ్మంలో నిలబడ్డారు. మమ్మల్ని గుమ్మంలోంచే పంపించలేదు. ప్రొఫెసర్ల కన్నా అప్పటికే ఒక అడుగు ముందున్నాం. కూర్చోబెట్టి, ఫ్రిజ్‌లోంచి ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి వంటకం, ఆపిల్ పై, తీశారు. పొద్దుటి నుంచీ ఏమీ తినని కడుపులు మావి. దాల్చినచెక్క వాసన గదంతా నిండింది.

"తలో ముక్క తింటారా?"

"అబ్బే, వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాం" అన్నాం ఇద్దరం, రిహార్సల్ వేసుకున్నట్టు ఒకేసారి.

మా వైపు ఏ ఇంట్లోనైనా ఈ మాట తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలుసు. "భలేవాళ్ళే, అదేం కుదరదు" అంటారు. మనం "అయ్యో, నిజంగానండీ" అంటాం. వాళ్ళు ప్లేటు చేతిలో పెట్టేస్తారు. మనం తప్పదన్నట్టు మొహం పెట్టి మొత్తం తింటాం. మిస్ విట్లో "సరే" అన్నారు. పై మీద మూత పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు వేశారు. అంతకు ముందే తన కోసం కోసుకున్న ముక్క మాత్రం నింపాదిగా తిన్నారు. మేం చూశాం.

తింటూ తన ముత్తాత గురించి చెప్పారు. సెనేటర్ గారు జన్మలో ఎవరికీ కాదని చెప్పలేదట. పోస్టుమాస్టరు ఉద్యోగం ఒకటి ఖాళీ అయితే పదకొండు మందికి "తప్పకుండా చూద్దాం" అని రాశారట. అలా మూడుసార్లు గెలిచి, నాలుగోసారి ఆ చూద్దామన్నవాళ్ళంతా ఏకమై ఓడిస్తే, ఊళ్ళోకొచ్చి మళ్ళీ పందుల కేసులు వాదించుకున్నారు.

"అందుకే మా ఇంట్లో అప్పట్నుంచీ ఒకటే పద్ధతి. అవునంటే అవును, కాదంటే కాదు. నేను ఒకసారే అడుగుతాను, ఒకసారే చెప్తాను" అన్నారు మిస్ విట్లో.

ఈ మాట మేము శ్రద్ధగా విన్నాం. కానీ మనసంతా ఫ్రిజ్ మీద ఉంది.

అటక మీద

అటక మీద సెనేటర్ గారు టోపీ డబ్బాల్లో, సబ్బు పెట్టెల్లో, ఒక ఇనప ట్రంకులో సర్దుకుని ఉన్నారు. వసుధ పని మొదలుపెట్టింది. ఈ వృత్తిలో ఆచారాలు మా బామ్మ మడికి ఏమాత్రం తీసిపోవు. చేతులు కడుక్కోవాలి. తడి ఉండకూడదు. దగ్గర పెన్ను ఉండకూడదు, పెన్సిలే. ఒక పెట్టె మూశాకే ఇంకోటి తెరవాలి. కాగితాలు ఉన్న వరుస మార్చకూడదు, ఆ వరుస ఎంత తెలివితక్కువగా ఉన్నా సరే. నేను ఒక కట్ట తీసుకుని, పేజీ తిప్పడానికి వేలు నాలికకి తగిలించబోయాను. వసుధ చూసిన చూపుకి వేలు గాల్లోనే ఆరిపోయింది.

ఏముంటాయనుకున్నారు ఆ పెట్టెల్లో? మా ఎమ్మెల్యే గారి వరండాలో పొద్దున్నే కూర్చునే జనమంతా ఉన్నారు, ఇంగ్లీషులో. అల్లుడికి రైల్వేలో పని కావాలి. యుద్ధంలో కాలు పోయింది, పింఛను రాలేదు. పక్కింటివాడి పంది మా మొక్కజొన్న తిన్నది, వాడు మీ పార్టీ కూడా కాదు. ఒక్కో ఉత్తరం వెనక సెనేటర్ గారు జవాబు చిత్తు రాసుకున్నారు. అన్నీ కలిపి చదివినా ఆయన ఏం చేస్తానన్నాడో చెప్పలేం. వసుధ మొహం వెలిగిపోతోంది. నగల కొట్లో కూడా నేను ఆ మొహం చూడలేదు. ఆ మేరకు నాకు లాభమే.

"ఏమండీ, ఇలా చూడండి. ఒక్కటీ పారెయ్యలేదు ఈయన. తిట్టిన ఉత్తరాలు కూడా దాచాడు. ఈ ఊరు ఊరంతా ఇందులో ఉందండీ."

వెనక్కి జరగబోయి నేను ఒక సబ్బు పెట్టెని కాలితో తన్నాను. వెంటనే వంగి, దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. అది నేను చేసేది కాదు, చెయ్యి తనంతట తనే చేస్తుంది. మిస్ విట్లో అడిగారు, ఏం చేశారని. కాగితం అంటే మాకు సరస్వతి, కాలు తగిలితే క్షమించమంటామని చెప్పాను.

"అందులో ఉన్నది పందుల కేసు" అన్నారావిడ.

"పరవాలేదండీ, కాగితమేగా."

ఆవిడ కర్రతో ఆ పెట్టెని గోడ పక్కకి జరిపారు. తర్వాత వసుధ వైపు తిరిగి, "వీటిని మీ కాలేజీకి ఇద్దామనుకుంటున్నాను. తీసుకెళ్తారా?" అని అడిగారు.

ఇంత దూరం ఆ ఒక్క ప్రశ్న కోసమే వచ్చాం. ఆ ఒక్క ప్రశ్న కోసం మ్యాపు గోంగూరపాలైంది. వసుధ కళ్ళు చెమర్చాయి. గొంతు సవరించుకుంది. చేతులు జోడించినంత పని చేసి, ఇంగ్లీషులో ఇలా అంది:

"అయ్యో, వద్దండీ, మీకెందుకు శ్రమ? మీ ఇంటి వస్తువులు. మీ దగ్గరే ఉండనివ్వండి."

"సరే" అన్నారు మిస్ విట్లో.

కిందికి దిగి మా ఎదురుగానే ఫోన్ తీశారు. అక్కడి చరిత్ర సంఘం వాళ్ళు కూడా ఆ కాగితాల కోసం తిరుగుతున్నారట. "న్యూజెర్సీ వాళ్ళు వద్దంటున్నారు కాబట్టి మీరే తీసుకెళ్ళండి" అన్నారు. వాళ్ళు ఎల్లుండి ట్రక్కుతో వస్తామన్నారు. ఫోన్ పెట్టేసి ఆవిడ ఎంతో ఆప్యాయంగా మా చేతులు పట్టుకున్నారు. "ఇంతమంది వచ్చారు, అందరికీ కావాల్సింది ఆ పెట్టెలే. ఏమీ ఆశించకుండా వచ్చింది మీరొక్కరే."

మోటెల్

ఆ రాత్రి మేం దిగిన గదిలో రెండు మంచాలు, ఒక టీవీ, ఒక బైబిలు, ఒక ఫోను డైరెక్టరీ ఉన్నాయి. వసుధ ఒక మంచం మీద కూర్చుని రెండో మంచం వైపు చూస్తోంది.

"రేపు వెళ్ళి అడిగేయ్" అన్నాను.

"ఏమని? వద్దన్నాను కదండీ."

"నిజంగా వద్దా?"

"మీకు తెలీదా?"

"నాకు తెలుసు. ఆవిడకి తెలియాలిగా."

"ఆవిడ రెండోసారి అడగలేదేంటండీ? రెండోసారి అడిగితే చెప్పేదాన్నిగా."

"ఆపిల్ పై సంగతి అప్పుడే మర్చిపోయావా?"

"ఏమీ ఆశించకుండా వచ్చారు అని చెయ్యి పట్టుకుని అందండీ పెద్దావిడ. ఇప్పుడు పోయి, లేదండీ, చాలా ఆశించాం అని ఎలా చెప్పను? డిసెంబరు నుంచి ఇంట్లో కూర్చుంటాను కానీ, నా వల్ల కాదు."

మొహమాటానికి మందుబిళ్ళ ఉంటే దానికి బంగారు పూత వేసేవాణ్ణి. లేదు కాబట్టి, అమెరికాలో ఉన్న ప్రతి తెలుగువాడూ కొత్త ఊళ్ళో చేసే పని చేశాను. ఫోను డైరెక్టరీ తీసి, రావు, రెడ్డి, శాస్త్రి ఎవరైనా ఉన్నారేమోనని వెతికాను. రెడ్డి ఒకరు దొరికారు. డాక్టర్ మాధవరెడ్డి, ఎముకల వైద్యుడు, ఊరు వరంగల్లు. ఎవరు, ఏమిటి అని అడగకుండానే రేపు భోజనానికి రమ్మన్నారు. మేం వద్దన్నాం. ఆయన రమ్మన్నారు. మేం మళ్ళీ వద్దన్నాం. ఆయన మళ్ళీ రమ్మన్నారు. వస్తామన్నాం. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మా కథ విని ఆయన ఫోన్లో చాలాసేపు నవ్వారు. "మిస్ విట్లోనా? ఆమె మోకాలు నేనే జూస్త. ఆమెను గూడ పిలుస్త ఉండున్రి."

భోజనం

డాక్టరు గారి భార్య సుగుణ గారు వడ్డించడంలో ఆయన ఆపరేషన్ చెయ్యడం కన్నా ఎక్కువ పట్టుదల ఉన్న మనిషి. పప్పు, గుత్తివంకాయ, పచ్చిపులుసు, మేం తెచ్చిన సీసాల్లో మంచిదాంట్లోంచి కాస్త గోంగూర. మిస్ విట్లో ఫోర్కుతో గోంగూర కొసన తగిలించి నోట్లో పెట్టుకున్నారు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. నేను అంబులెన్సు నంబరు గుర్తు చేసుకోబోయాను. డాక్టరు పక్కనే కూర్చున్నాడని తర్వాత తట్టింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఇది ఏ ఆకు?" అని అడిగి, ఇంకొంచెం తనే వేసుకున్నారు.

సుగుణ గారు వంకాయ కూర తెచ్చారు.

"నో, థాంక్యూ" అన్నారు మిస్ విట్లో.

సుగుణ గారు రెండు కాయలు వేశారు.

"నో, రియల్లీ."

"షి ఈజ్ షై" అని మాతో అని, ఇంకో కాయ వేశారు. "గింత తింటే ఏమైతదమ్మా. ఈట్, ఈట్."

మిస్ విట్లో ఫోర్కు కింద పెట్టారు. కోపం వచ్చిందనుకున్నాను. కాదు, ఆవిడలో ప్లీడరు గారి రక్తం లేచింది. "డాక్టర్, నేను కాదని చెప్పాను. రెండుసార్లు. ఈ ఇంట్లో ఆ మాటకి అర్థం ఏమిటి?"

డాక్టరు గారు మా వైపు ఒకసారి చూసి, రోగికి ఎక్స్‌రే చూపించే గొంతుతో వివరించారు. మా దేశంలో మొదటి వద్దు మర్యాద. మొదటిసారే సరే అంటే, పాపం ఎన్నాళ్ళయిందో తిని అనుకుంటారు. రెండో వద్దు, అవతలివాళ్ళకి నిజంగా పెట్టాలని ఉందో లేదో తెలుసుకోవడానికి. మూడోసారి కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వద్దంటే, అది వద్దు. "అప్పుడు కూడా మా సుగుణ ఏళ్ళ సందుల్లెంచి ఏస్తది" అన్నారు.

మిస్ విట్లో మెల్లగా వసుధ వైపు తిరిగారు.

"నిన్న, ఆపిల్ పై?"

"ఆకలితో చచ్చిపోయాం" అన్నాను నేను. నన్నడగలేదు, కానీ ఆ బాధ నాది కూడా.

"అటక మీద మీరు అన్నది ఎన్నో వద్దు?"

వసుధ కంచంలోకి చూస్తూ అంది. "మొదటిదండీ."

"అయితే నాకింకా రెండు మిగిలాయి. అమ్మాయీ, మా ముత్తాత కాగితాలు తీసుకెళ్తారా?"

"అయ్యో, మీకు శ్రమ..." అంది వసుధ.

నాకు పొలమారింది. డాక్టరు గారు నా వీపు మీద కొట్టారు, ఎముకల వైద్యుడు కొట్టినట్టే. వసుధ తప్పు లేదు. పాతికేళ్ళు నేర్చుకున్నది ఒక్క వాయిలో పోదు. మిస్ విట్లో మాత్రం వేళ్ళు లెక్కపెట్టుకుంటూ, కోర్టులో ఆఖరి ప్రశ్న అడిగినట్టు ముందుకు వంగారు.

"తీసుకెళ్తారా?"

"తీసుకెళ్తాను" అంది వసుధ. "నాకు అవి కావాలండీ. చాలా కావాలి. అవి వస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. నిలవకపోయినా కావాలి." అంత పొడుగు మాట, ఒక్క మర్యాద లేకుండా, మా ఆవిడ నోట నేను విన్నది అదే మొదలు.

మిస్ విట్లో డాక్టరు గారి ఫోనే తీసుకుని చరిత్ర సంఘానికి చేశారు. అటువైపు వాళ్ళు, మాకు మాట ఇచ్చారు కదా అన్నట్టున్నారు. "న్యూజెర్సీ వాళ్ళు వద్దంటున్నారు కాబట్టి మిమ్మల్ని రమ్మన్నాను. వాళ్ళు వద్దనలేదు. తప్పు సమాచారం మీద ఇచ్చిన మాట చెల్లదు. మా ముత్తాత ఈ పాయింటు మీదే పందుల కేసు గెలిచాడు" అన్నారు. ఒక్క క్షణం విని, "లేదు. నేను చెప్పే కాదు ఒక్క రకమే" అని పెట్టేశారు. సుగుణ గారు ఆవిడ కంచంలో పెరుగన్నం వేశారు.

తిరుగు దారి

కారులో వెనక సీటు నిండా సెనేటర్ గారు, డిక్కీ నిండా సెనేటర్ గారు, వసుధ ఒళ్ళో ఒక టోపీ డబ్బా నిండా సెనేటర్ గారు. పెన్సిల్వేనియా ఈసారి ఎందుకో పొట్టిగా ఉంది. ఇప్పుడు కాలేజీ కింది అంతస్తులో ఒక తలుపు మీద వసుధ పేరు ఇత్తడి పలకలో ఉంది. పందుల ఉత్తరాలు చదవడానికి కుర్రాళ్ళు పెన్సిళ్ళు పట్టుకుని వస్తున్నారు. మీరూ రావచ్చు. వేలు తడి చెయ్యకండి.

బయల్దేరేటప్పుడు జరిగిన సంగతొకటి రాయడం మరిచాను. మిస్ విట్లో తలుపు దాకా వచ్చి, ఆపిల్ పై డబ్బా పట్టుకుని, "తీసుకెళ్తారా?" అన్నారు. ఆ మాట పూర్తికాకుండానే నేను డబ్బా అందుకున్నాను. మేము కూడా నేర్చుకుంటాం. బదులుగా వసుధ, నూనె ఒలికిన సీసాలో మిగిలిన గోంగూర తీసి ఇవ్వబోయింది.

"నో, థాంక్యూ" అన్నారావిడ.

అమెరికావాళ్ళు కాదంటే కాదే కదా. ఆ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాం. వసుధ సీసా వెనక్కి తీసుకుని కారెక్కింది. నేను తాళం తిప్పాను. మిస్ విట్లో గుమ్మంలోంచి కదల్లేదు. కర్రతో రెండుసార్లు మెట్టు మీద కొట్టారు. కిటికీ దింపాను.

"ఏమిటి వెళ్ళిపోతున్నారు?" అన్నారు. "అది మొదటిది."